రొమ్ము ఆపరేషన్ తర్వాత చెయ్యి వాపు: కొలిచి వేసుకుంటేనే స్లీవ్ పనిచేస్తుంది

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. కాటన్‌పేటలో మాకు బట్టల హోల్‌సేల్ కొట్టు ఉంది. పోయినేడు కిద్వాయ్ ఆసుపత్రిలో కుడి రొమ్ముకు ఆపరేషన్ చేసి, చంకలో గడ్డలు కూడా తీశారు. తర్వాత రేడియేషన్ ఇచ్చారు. కొన్ని నెలలుగా కుడి చెయ్యి వాస్తోంది. పొద్దున కాస్త తగ్గినా సాయంత్రానికి బరువెక్కుతుంది. సర్జికల్ షాపులో చేతిని బిగించి ఉంచే మీడియం సైజు స్లీవ్ కొని వేసుకుంటే వేళ్లు, అరచెయ్యి ఉబ్బుతున్నాయి. చుట్టుపక్కలవాళ్లు బోదవ్యాధి అంటున్నారు. నీరు పోయే మాత్రలు వేసుకోనా? కొట్లో తానులు ఎత్తడం మానేయాలా?
– ఒక సోదరి, కాటన్‌పేట, బెంగళూరు

జవాబు: అమ్మా, ముందు ఆ స్లీవ్ తీసి పక్కన పెట్టండి. వేళ్లు ఉబ్బుతున్నాయంటే అది మీ చేతికి సరిపోలేదు. అలాగని స్లీవే వద్దనుకోకండి. సరైనది దొరికితే ఈ వాపును ఏళ్ల తరబడి అదుపులో ఉంచేది అదే.

మీరు రాసినదాన్ని బట్టి ఇది బోదవ్యాధిలా లేదు. దోమకాటుతో ఒంట్లో చేరిన పురుగులు లింఫు అనే ద్రవం ప్రవహించే నాళాలను పాడుచేస్తే వచ్చేది బోదవ్యాధి. మీకు చంకలో లింఫు గ్రంథులు తీసేశారు, పైగా రేడియేషన్ ఇచ్చారు. చేతిలోంచి లింఫు పైకి వెళ్లే దారులు తగ్గిపోయాయి. రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందినవారిలో సుమారు అయిదుగురిలో ఒకరికి ఇలాంటి వాపు, అంటే లింఫెడీమా, వస్తుంది. అయినా ఒకసారి మీ క్యాన్సర్ డాక్టరుకు చెయ్యి చూపించండి. రక్తనాళంలో గడ్డకట్టినా, జబ్బు తిరగబెట్టినా ఇలాగే వాయవచ్చు. అవి లేవని తేలాకే స్లీవ్ సంగతి.

నీరు పోయే మాత్రలు వద్దు. అవి ఒంట్లో నీటిని తగ్గిస్తాయే తప్ప లింఫుతోపాటు చేతిలో పేరుకున్న ప్రొటీన్‌ను కదిలించలేవు. బీపీకో గుండెకో డాక్టరు రాసిచ్చినవైతే మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

చాలామంది వాచిన చేతికే స్లీవ్ కొనేస్తారు. స్లీవ్ ఉన్న వాపును పెరగకుండా పట్టి ఉంచగలదు గానీ, బాగా వాచిన చేతిని తగ్గించలేదు. తగ్గించడానికి, ఈ పనిలో శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టు కొన్ని వారాలపాటు సాగుడు తక్కువగా ఉండే బ్యాండేజీలు పొరలు పొరలుగా కడతారు. చర్మాన్ని సుతారంగా జరుపుతూ మర్దన చేస్తారు. నూనె రాసి గట్టిగా పిసికే మాలిష్ జోలికి వెళ్లకండి.

వాపు దిగాక కొలతలు తీయాలి. జాకెట్టుకు ఇచ్చినట్టే మణికట్టు, ముంజేయి, మోచేయి, భుజం కింద, పొడవు అన్నీ టేపుతో కొలవాలి. స్లీవ్ బిగుతు మణికట్టు దగ్గర ఎక్కువగా, పైకి వెళ్లేకొద్దీ తక్కువగా ఉండాలి. పైన బిగిసి కింద వదులైతే లింఫు అరచేతిలోకి దిగుతుంది. మీకు జరిగింది అదే అయి ఉండొచ్చు. అరచెయ్యి కూడా వాస్తోంది కాబట్టి మీకు స్లీవ్‌తోపాటు గ్లవ్ కూడా కావాలి. పెట్టె మీద ఒత్తిడి అంకెలు ఉంటాయి: ఒక మోస్తరు వాపుకు 20–30 mmHg రకం తరచుగా రాస్తారు. మీకు ఎంత కావాలో కొలిచినవారే చెప్పాలి.

పొద్దున చెయ్యి తడి లేకుండా తుడుచుకుని వేసుకోండి. వంటింటి రబ్బరు గ్లవ్స్ తొడుక్కుని సర్దుకుంటే స్లీవ్ సులువుగా ఎక్కుతుంది. మోచేతి దగ్గర ముడతలు ఉండకూడదు. పై అంచు జారుతోందని మడిచారంటే అక్కడ ఒత్తిడి రెట్టింపై చేతిని నొక్కేస్తుంది. వేళ్లు తిమ్మిరెక్కినా, రంగు మారినా వెంటనే తీసేయండి. రాత్రి తీసి, తేలికపాటి సబ్బుతో ఉతికి, పిండకుండా నీడలో ఆరేయండి. అందుకే రెండు ఉండాలి. దాదాపు ఆరు నెలలకు సాగిపోతుంది, అప్పుడు మళ్లీ కొలిపించి కొత్తది తీసుకోండి. ఖర్చు భారమే, కానీ సాగిపోయిన స్లీవ్ వేసుకున్నా ఒకటే, లేకున్నా ఒకటే.

తానులు ఎత్తడం పూర్తిగా మానక్కర్లేదు. 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో, లింఫెడీమా ఉన్న స్త్రీలు స్లీవ్ వేసుకుని శిక్షకుల దగ్గర కొద్దికొద్దిగా బరువులు పెంచుకుంటూ ఎత్తారు. వాపు పెరగలేదు, పైగా అది ముదిరే సందర్భాలు తగ్గాయి. ఒక్కసారిగా పెద్ద మూట మాత్రం ఎత్తకండి. ఆ చేతికి బిగుతు గాజులు, ఉంగరాలు వద్దు.

చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకండి. అది చర్మంలో ఇన్‌ఫెక్షన్. స్లీవ్ తీసేసి ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి, యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. మళ్లీ ఎప్పుడు వేసుకోవాలో అక్కడి డాక్టరును అడగండి.