జుట్టు రాలుతోందా? మూడు నెలల వెనక్కి చూడండి

పొద్దున జడలు వేసుకునే వేళ మన హాస్టల్ వరండాలో రోజూ వినిపించే మాట ఒకటుంది: "అక్కా, దువ్వెన నిండా జుట్టే వస్తోంది!" కారణం కూడా ఆ వెంటనే ఎవరో ఒకరు చెప్పేస్తారు, బోరు నీళ్ళని. బై.పి.సి. చదువుతున్న మేము కొందరం కలిసి ఈ విషయం గురించి చదివి తెలుసుకున్నవి చెల్లెళ్ళ కోసం, హాస్టల్ విడిచి వెళ్ళిన అక్కల కోసం ఇక్కడ రాస్తున్నాము.

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కో వెంట్రుక రెండు నుండి ఆరేళ్ళ పాటు, నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. తర్వాత పెరగడం ఆపి మూడు నెలల వరకు విశ్రాంతి తీసుకుంటుంది. ఆ తర్వాత రాలిపోతుంది, అదే కుదురు నుండి కొత్తది వస్తుంది. కాబట్టి రోజుకు 50 నుండి 100 వెంట్రుకలు రాలడం జబ్బు కాదు. ఆదివారం ఒక్కరోజే తలస్నానం చేసేవాళ్ళకు వారం రోజులుగా రాలినవన్నీ ఆ రోజే చేతికి వస్తాయి. వాటిని చూసి ఏడవనక్కరలేదు.

ఆ మూడు నెలల లెక్కను మాత్రం బాగా గుర్తు పెట్టుకోవాలి. టైఫాయిడ్, డెంగీ, మలేరియా వంటి గట్టి జ్వరం వచ్చినప్పుడు చాలా వెంట్రుకలు ఒకేసారి పెరగడం మానేసి విశ్రాంతిలోకి పోతాయి. అవి రాలేది మాత్రం రెండు మూడు నెలల తర్వాత. ఆగస్టులో జ్వరం వస్తే దీపావళి దాటాక జుట్టు ఊడుతుంది. అప్పటికి జ్వరం సంగతి మరచిపోయి, ఆ వారం మార్చిన షాంపూను తిట్టుకుంటాం. ఆపరేషన్ తర్వాతా, కాన్పు తర్వాతా, సన్నబడాలని తిండి మానేసినా ఇదే జరుగుతుంది. బాలింతలైన అక్కలు కంగారు పడకండి. ఈ రకంలో కుదురు చావదు, సాధారణంగా ఆరు నెలల్లో రాలడం తగ్గి కొత్త జుట్టు మొలుస్తుంది. మధ్యలో ఖరీదైన నూనె ఏదైనా కొని ఉంటే పేరు మాత్రం ఆ నూనెకు దక్కుతుంది!

జ్వరమేమీ రాకుండానే నెలల తరబడి జుట్టు పలచబడుతుంటే ముందు రక్తం సంగతి చూడాలి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. అంటే పది మంది పడుకునే గదిలో ఆరుగురికి ఉండవచ్చన్న మాట. మెట్లు ఎక్కితే ఆయాసం, కింది రెప్ప లోపల తెల్లగా ఉండటం, క్లాసులో మగత, బలపాలో పచ్చి బియ్యమో తినాలనిపించడం దీని గుర్తులు. జుట్టు కంటే ముందు చదువును దెబ్బతీసే జబ్బు ఇది. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత ఉన్నట్టు. ఆ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా చేస్తారు.

వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర ఇందుకే. కడుపులో తిప్పుతుందని దాన్ని కిటికీ అవతల పడేసేవాళ్ళు మనలో ఎవరో మనకు తెలుసు. అన్నం తిన్నాక వేసుకుంటే తిప్పడం తగ్గుతుంది. విరేచనం నల్లగా వస్తే భయపడవద్దు, అది ఐరన్ రంగే. మాత్ర వేసుకోగానే టీ తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు, నిమ్మరసం పిండుకుంటే బాగా పడుతుంది. అయితే వారానికొక మాత్ర రక్తహీనత రాకుండా ఆపడానికే. ఇప్పటికే వచ్చినవాళ్ళకు డాక్టరు గారు రోజువారీ మాత్రలు రాస్తారు. నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్ కూడా మానకూడదు. మెస్‌లో పెట్టే గుడ్డు పక్కవాళ్ళకు ఇచ్చేయకండి. వెంట్రుక తయారయ్యేదే ప్రోటీనుతో.

ఇక బోరు నీళ్ళు. ఉప్పు నీళ్ళతో జుట్టు గరుకై మధ్యలో తెగుతుంది గాని కుదురుతో సహా ఊడదు. రాలిన వెంట్రుక చివర చిన్న తెల్లని గుండు ఉంటే అది కుదురు నుండి వచ్చినది, లేకపోతే తెగినది. రిబ్బన్లతో రోజూ బిగించి వేసే రెండు జడలు ఇంతకంటే ఎక్కువ హాని చేస్తాయి. నుదుటి పైన, చెవుల దగ్గర జుట్టు వెనక్కి పోతుంటే జడ వదులు చేయండి. ఏళ్ళ తరబడి లాగితే ఆ కుదుళ్ళు శాశ్వతంగా పోతాయి.

మేము ముఖ్యంగా చెప్పదలచినది పేనుకొరుకుడు గురించి. తల మీద రూపాయి బిళ్ళంత మేర నున్నగా జుట్టు ఊడిపోతుంది. పేరును బట్టి పేలు కొరికాయనుకుని, ఆ అమ్మాయి పక్కన పడుకోవడానికి కూడా జంకుతారు. ఇందులో పేల తప్పేమీ లేదు. మన శరీరంలోని రక్షణ కణాలు పొరపాటున మన కుదుళ్ళ మీదే దాడి చేయడం వల్ల వస్తుంది. ఇది అంటదు. ఆ చెల్లెలి పక్కనే పడుకోండి, ఆమె కంచంలో తినండి. చిన్న మచ్చలు చాలామందిలో ఏడాదిలోపు వాటంతటవే పూడుతాయి. తగ్గకపోతే చర్మ డాక్టర్లు పూత మందో, మచ్చలో స్టెరాయిడ్ ఇంజెక్షనో ఇస్తారు. మన ఊళ్ళలో గురివింద గింజ అరగదీసి రుద్దుతారు, జిల్లేడు పాలు పూస్తారు. గురివింద విషం, జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఆ రెండూ వద్దు.

దీనికి వేరుగా, మచ్చ నున్నగా లేక పొలుసులు లేచి, దురద పెట్టి, వెంట్రుకలు మొదట్లోనే తెగి నల్ల చుక్కల్లా కనిపిస్తే అది తల తామర. ఇది అంటుకుంటుంది. దువ్వెన, తువ్వాలు, దిండు వేరు చేయాలి. పై పూత ఒక్కటే చాలదు, గ్రిసియోఫుల్విన్ లేదా టెర్బినాఫిన్ మాత్రలు డాక్టరు గారు చెప్పినన్ని వారాలు వాడాలి. దురద తగ్గిందని మధ్యలో మానేస్తే మళ్ళీ గదంతా పాకుతుంది.

అన్నదమ్ములకు నుదురు, నడినెత్తి పలచబడేది ఎక్కువగా వంశపారంపర్యం. మినాక్సిడిల్ ద్రావణం కొంత పని చేస్తుంది, అయితే మానితే ఫలితం పోతుంది. 18 ఏళ్ళలోపు వాళ్ళు సొంతంగా కొని వాడకూడదు. గుండు కొట్టిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందనేది నిజం కాదు. కుదురు చర్మం లోపల ఉంటుంది, కత్తి దాన్ని తాకదు. తిరుపతిలో మొక్కు ఉంటే తలనీలాలు ఇవ్వండి, ఒత్తు కోసమైతే వద్దు.

డాక్టరు గారి దగ్గరకు వెళ్ళే ముందు గత ఆరు నెలల్లో వచ్చిన జ్వరాలు, వాడిన మందులు, నెలసరి సరిగా వస్తోందా లేదా అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి. థైరాయిడ్ పరీక్ష అవసరమా అన్నది వాటిని చూసే చెబుతారు. జుట్టుకని బయోటిన్ బిళ్ళలు వేసుకుంటుంటే ఆ సంగతి కూడా చెప్పండి, అవి థైరాయిడ్ పరీక్ష ఫలితాన్ని తారుమారు చేయగలవు. ఆ రోజు తలకు నూనె మాత్రం రాసుకోకండి. నూనె ఉంటే పొలుసులు, తెగిన వెంట్రుకలు సరిగా కనపడవు.