దేహాలయ నిత్యసేవ

పన్నెండవ శతాబ్దమున కల్యాణపురమునందు బసవేశ్వరుడు చేసిన బోధలలో దేహమే దేవాలయమనునది ముఖ్యమైనది. ఈ మాటను మనము సభలయందు తరచుగా చెప్పుకొందుము. అయితే గుడి యన్న తరువాత దానిని ప్రతిదినము ఊడ్చువారు, దీపము పెట్టువారు, గోడ యెచ్చటనైన బీటవారినదేమో చూచువారు ఉండవలెను గదా! ఏడాదికొకమారు జాతర జరిపి, తక్కిన దినములలో తలుపు తీయని గుడి శిథిలము కాక మానదు. దేహము సంగతియు అట్టిదే. జబ్బు చేసిననాడు వేలకు వేలు వెచ్చించుదుము. జబ్బు లేనినాడు అయిదు నిమిషములు వెచ్చించుటకు తీరిక లేదందుము.

కాయకమును కైలాసముగా నెంచిన సంప్రదాయము మనది. కాయకమను పదమునందే కాయమున్నది. కాయము చెడినచో కాయకము సాగదు. కాయకము సాగనిచో దాసోహమునకు దారి లేదు. కావున దేహమును కాపాడుకొనుట స్వార్థము కాదు, సుఖలాలసయు కాదు. అది కాయకమునకు ముందు చేయవలసిన కాయకము.

అలవాటు నిలుచుటెట్లు?

పట్టుదలతో ఆరంభించిన మంచి అలవాట్లు పదిదినములలో ఆగిపోవుట మనమెఱిగినదే. దీనికి సంకల్పలోపమే కారణమని తలంతుము. తరచుగా అసలు కారణము వేరు. "రేపటినుండి నడచెదను" అనుకొన్నవాడు రేపు ఏ పని ముగిసిన వెంటనే నడువవలెనో నిర్ణయించుకొనలేదు. ఇష్టలింగపూజ చేయువారికి ఈ చిక్కు లేదు. స్నానము, విభూతిధారణము, ఆసనమున కూర్చుండుట ఒకదాని వెంట నొకటి వచ్చును. ముందు చేసిన పనియే తరువాతి పనిని పిలుచును.

యూనివర్సిటీ కాలేజ్ లండన్‌కు చెందిన ఫిలిప్పా లాలీయు, ఆమె సహచరులును 96 మందిని 12 వారములు పరిశీలించి, ఆ ఫలితములను 2010లో ప్రచురించిరి. వారిలో ప్రతియొక్కరును ఒక చిన్న పనిని, దినమున తప్పక వచ్చు ఒక సందర్భమునకు జోడించి చేసిరి. ఆ పని అప్రయత్నముగా జరుగు స్థితికి వచ్చుటకు సుమారు 66 దినములు పట్టునని తేలినది. కొందరికి 18 దినములే చాలునని, కొందరికి 254 దినముల వరకు పట్టునని అంచనా వేసిరి. ఒకదినము తప్పినంత మాత్రమున అలవాటు చెడలేదు. కావున పదిదినములకే ఫలము లేదని విడువరాదు. ఒకనాడు తప్పినదని మరునాడు మానరాదు.

మన యిండ్లలో నిత్యము జరుగు మూడు పనులకు జోడింపదగిన మూడు అలవాట్లను ఇచ్చట తెలుపుచున్నాను.

1. స్నానమునకు జోడింపదగినది

స్నానానంతరము పాదములను, ముఖ్యముగా వ్రేళ్ల సందులను, తడి లేకుండ తుడిచి అరికాళ్లను ఒకమారు చూచుకొనవలెను. మధుమేహము చాలకాలముగా నున్నవారికి పాదములందలి నరములు మొద్దుబారవచ్చును. అప్పుడు ముల్లు గ్రుచ్చుకొన్నను, చెప్పు కఱచినను తెలియదు. రక్తప్రసారము కూడ తగ్గినచో ఆ చిన్న పుండు మానక, ముదిరి, కాలు తీసివేయవలసిన స్థితికి రావచ్చును. దీనిని మొదటనే కనిపెట్టుటకు ఒక నిమిషము చాలును. వంగలేని పెద్దలు అద్దమును నేలపై నుంచి చూచుకొనవచ్చును. లేదా ఇంటివారు చూడవలెను. పొక్కుగాని, పగులుగాని, ఎఱుపుగాని కనబడినచో జాగు చేయక వైద్యునికి చూపవలెను.

2. భోజనమునకు జోడింపదగినది

మనది శాకాహారము. ఆకుకూరలందును, పప్పులందును ఉన్న ఇనుము మాంసమందలి యినుమువలె సులభముగా ఒంటికి పట్టదు. నిమ్మ, ఉసిరి, జామ వంటి వానియందలి సి విటమిను అందుకు తోడ్పడును. భోజనముతో త్రాగు టీ, కాఫీలు ఆటంకపఱచును. కావున పప్పును పొయ్యిమీదినుండి దించిన తరువాత నిమ్మరసము పిండుకొనుట, భోజనమునకును టీకిని నడుమ ఒక గంట యెడముంచుట మేలు.

ఇది స్త్రీల విషయమున మఱింత ముఖ్యము. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో 57 శాతమునకు రక్తహీనత యున్నట్లు తేలినది. అందఱికి వడ్డించి, చివరకు మిగిలినది తినుట గృహిణి ధర్మమని మన యిండ్లలో ఒక తలంపు కలదు. అనుభవమంటపమున అక్కమహాదేవి వంటి శరణులను గౌరవించిన సంప్రదాయము మనది. అట్టి మన యింట కూరగిన్నె అడుగంటిన తరువాతనే తల్లికి పంక్తి లభించుట తగునా? అందఱు కలిసి కూర్చుండి తినుట కూడ ఒక ఆరోగ్యనియమమే.

ఉప్పు విషయమున ఒక మాట. పెద్దవారికి దినమునకు 5 గ్రాములలోపు, అనగా ఒక టీచెంచాకు తక్కువ, ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఊరగాయ, అప్పడము, వడియములలోని ఉప్పును ఈ లెక్కలోనిదే. వడ్డనలో ఉప్పుగిన్నెను పెట్టకుండుటతో ఆరంభింపవచ్చును.

3. సంధ్యాదీపమునకు జోడింపదగినది

దీపము పెట్టిన వెంటనే అరగంట నడువవలెను. వారమునకు అయిదు దినములు ఇట్లు నడచినచో 150 నిమిషములగును. పెద్దవారికి కనీసము ఇంతపాటి వ్యాయామము కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నాటి సూచనలు తెలుపుచున్నవి. ఒక్కమారు నడువలేనివారు పదేసి నిమిషములుగా నడువవచ్చును. రాత్రి ఏడు గంటల నిద్రకు తగినట్లు పడుకొను వేళను నిర్ణయించుకొని, ఆ వేళకు ముందే చేతిలోని ఫోనును వేఱొక గదిలో పెట్టవలెను.

ఈ అలవాట్లు మందులకు బదులు కావు. రక్తపోటు తఱచు ఏ బాధయు తెలియనీయదు గనుక, బాధ లేదని మాత్ర మానరాదు. మధుమేహమునకు మందు వాడువారు శివరాత్రి ఉపవాసమునకు ముందు వైద్యుని అడుగవలెను. తిండిలేక మందు మాత్రమే పుచ్చుకొన్నచో రక్తమున చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును.

అన్నిటిని ఒక్కమారే ఆరంభింపవలదు. ఎక్కములలో రెండవ యెక్కము రానివానికి పదునాఱవది నేర్పుదుమా? ముందు ఒక్కటి పట్టుకొని, అది పూజవలె తనంతట సాగిన తరువాత రెండవదానిని జోడింపుడు.

మననము చేయవలసిన ప్రశ్నలు

1. నా దినచర్యలో ఎన్నడును తప్పని పని యేది? దానికి నేను జోడింపగల చిన్న అలవాటు ఏది?
2. మా యింట అందఱికంటె చివర భుజించువారెవరు? వారి పళ్లెములో ఏమి మిగులుచున్నది?
3. మా యింటి పెద్దల పాదములను చివరిసారి ఎవరు, ఎప్పుడు చూచిరి?

శరణు శరణార్థి.