కారు కప్పుపై బరువు

కొండదారులందు తిరుగు కార్ల కప్పుపై సామాను కట్టుటకై యొక లోహపు చట్రము నమర్తురు. దీనిని క్యారియరందురు. చట్రము దృఢమైనచో నెంత బరువైనను మోయునని పలువురు తలంతురు. అది సరికాదు.

సామాను బరువు మొదట చట్రముపైని, పిదప దాని కాళ్లపైని, బోల్టులపైని, తుదకు కప్పుపైని పడును. చట్రము 200, కాళ్లు 150, కప్పు 100 కిలోలు మోయగలవనుకొందము. అప్పుడు హద్దు 100 కిలోలే. కాళ్లతోగూడ చట్రము 30 కిలోలు తూగినచో సామానునకు మిగులునవి 70 మాత్రమే.

మఱియు నిలిచియున్న బండి మోయు బరువును నడుచు బండి మోయజాలదు. 2020లో వచ్చిన ల్యాండ్ రోవర్ డిఫెండరు 110 బండికి, నిలిచినపుడు 300 కిలోలును, నడుచునపుడు 168 కిలోలును గరిష్ఠపు హద్దులు. ఏలయన, గుంటలోబడిన బండి భూమ్యాకర్షణ త్వరణమునకు సమానమైన త్వరణముతో పైకెగసినచో, 70 కిలోల సామాను 140 కిలోలవలె నొక్కును. బ్రేకు వేసినపుడు ముందునకును, మలుపులందు ప్రక్కకును లాగును. ఈ లాగుడంతయు నా కొద్ది బోల్టులే భరింపవలెను. అదురుచే నవియును వదులగును. పైని బరువు హెచ్చినకొలది గురుత్వకేంద్రము పైకి జరిగి, వాలునేలపై బండి సులభముగా బోర్లపడును.

కావున విద్యార్థులారా! బండికిని, చట్రమునకును విధించిన హద్దులలో తక్కువదానినే పాటింపుడు. బరువైనవానిని బండిలోపల క్రిందనుంచి, తేలికవానినే పైని కట్టుడు. గతుకుదారిలో నడుమనడుమ నాగి బోల్టులను బిగింపుడు. కప్పునుండి జారిన పెట్టె వెనుక వచ్చువాని ప్రాణమును తీయగలదు.