ఫోన్ ట్యాపింగ్: గ్రూప్స్ అభ్యర్థులకు ముఖ్యాంశాలు

కంభం, మార్కాపురం, గిద్దలూరు అభ్యర్థులకు నల్లమల కూంబింగులు తెలియనివి కావు. ఉమ్మడి రాష్ట్రంలో మావోయిస్టుల కదలికలు పసిగట్టే బాధ్యత స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో (ఎస్ఐబీ)ది. తెలంగాణ ఎస్ఐబీ ప్రతిపక్ష నేతల ఫోన్లు సైతం విన్నదన్న ఆరోపణపై 2024 మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట స్టేషన్‌లో కేసు నమోదైంది. ఆధారాలున్న హార్డ్ డిస్కులను ధ్వంసం చేసి మూసీలో పడేశారన్నది పోలీసుల అభియోగం. అడవి కోసం పెట్టిన నిఘా ఇంటి గడపలోకి వచ్చిందన్న జనం అనుమానం న్యాయమైనదే.

చట్టం: 1885 టెలిగ్రాఫ్ చట్టం సెక్షన్ 5(2), ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం సెక్షన్ 20(2). అనుమతి ఇచ్చేది హోం కార్యదర్శి. గడువు 60 రోజులు, పొడిగించినా 180 రోజులు మించదు. రాష్ట్ర సమీక్ష కమిటీకి అధ్యక్షుడు ప్రధాన కార్యదర్శి. సమీక్షించేవారూ ప్రభుత్వాధికారులే, జడ్జి ఉండరు. అసలు లోపం ఇక్కడే ఉంది. మెయిన్స్ జవాబులో ఇది తప్పక రాయండి.

తీర్పులు: పీయూసీఎల్ కేసు (1996): ట్యాపింగ్‌కు మార్గదర్శకాలు. పుట్టస్వామి కేసు (2017 ఆగస్టు 24): 9 మంది జడ్జిల ధర్మాసనం, 21వ అధికరణ కింద గోప్యత ప్రాథమిక హక్కు.

కేంద్ర నిఘా సంస్థ సంగతి: 1887లో మొదలైన ఇంటెలిజెన్స్ బ్యూరోకు నేటికీ పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం లేదు.