చెట్ల తోపు కొనే ముందు చెట్లు ఎవరివో తేల్చుకోండి

ఊరవతల నాలుగెకరాల చెట్ల తోపు కొనుక్కోవాలన్న కోరిక చాలామందిలో ఉంది. ఒకరికి టేకు కలప మీద ఆశ, ఇంకొకరికి ఎర్రచందనం మీద. మరికొందరికి మాత్రం మనవలు తిరగడానికి కాస్త నీడ, పిట్టల అరుపు ఉంటే చాలు. ఏ కారణంతో కొన్నా మంచిదే. కానీ ఎందుకు కొంటున్నారో ముందు తేల్చుకోండి, ఎందుకంటే చూసుకోవలసిన కాగితాలు దాన్ని బట్టే మారతాయి.

కలప కోసం కొనేవారు మోసపోయే చోటు ఒకటుంది. ఆస్తి బదిలీ చట్టం ప్రకారం భూమిని అమ్మితే, వేరే షరతు లేనప్పుడు, దాని మీది చెట్లు కూడా కొన్నవారికే వస్తాయి. అయితే త్వరలో నరకడానికి సిద్ధంగా ఉన్న కలప చెట్టును అదే చట్టం చరాస్తిగా చూస్తుంది. పండ్ల కోసం ఏళ్ల తరబడి నిలిపి ఉంచే మామిడి చెట్టు స్థిరాస్తి, కోతకొచ్చిన టేకు మాను చరాస్తి. చరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అంటే భూయజమాని ఆ టేకును ఏ కలప వ్యాపారికో ముందే అమ్మి డబ్బు పుచ్చుకున్నా, ఆ సంగతి మీరు తీసే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ)లో కనబడదు. రిజిస్ట్రేషన్ అయిన నెలకు వ్యాపారి లారీతో వచ్చి కాగితం చూపిస్తే తగవు మొదలవుతుంది.

కాబట్టి దస్తావేజులో సర్వే నంబరు, హద్దులతోనే సరిపెట్టకండి. ఏ జాతి చెట్లు ఎన్ని, సుమారు చుట్టుకొలత ఎంత అన్నది షెడ్యూలులో రాయించండి. చెట్లను ఎవరికీ అమ్మలేదని, బయానా తీసుకోలేదని, తేడా వస్తే నష్టం తానే భరిస్తానని అమ్మకందారుతో రాయించుకోండి. తోపు చుట్టుపక్కల రైతులను అడిగితే చాలా విషయాలు బయటపడతాయి. పక్క పొలాలవాళ్లు ఏళ్లుగా ఆ తోపులోంచే నడుస్తున్నారా అన్నదీ అప్పుడే అడగండి. ఆటంకం లేకుండా, హక్కుగా 20 ఏళ్లు వాడిన దారి మీద 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం వారికి హక్కు ఇస్తుంది.

చెట్టు మీదే అయినా మీ ఇష్టం వచ్చినప్పుడు నరకడానికి లేదు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కింద నరికే ముందు అనుమతి తీసుకోవాలి. సర్వి, జామాయిల్, సుబాబుల్ వంటి వాటికి సడలింపులున్నాయి. టేకు, ఎర్రచందనం తరలించాలంటే అటవీ శాఖ రవాణా పర్మిట్ కూడా కావాలి.

ఆ తోపు అడవి లెక్కలోకి వస్తే చిక్కు ఇంకా పెద్దది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, యజమాని ఎవరైనా సరే, నిఘంటువు అర్థంలో అడవి అయినదంతా అటవీ సంరక్షణ చట్టం కిందికి వస్తుందని చెప్పింది. 2023 సవరణ ఆ పరిధిని కుదించబోతే, ఆ పాత నిర్వచనమే పాటించాలని 2024 ఫిబ్రవరిలో కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అలాంటి చోట పట్టా ఉన్నంత మాత్రాన, కేంద్రం ముందస్తు అనుమతి లేకుండా రిసార్టు కట్టలేరు. అసలు ఆ సర్వే నంబరు రిజర్వు ఫారెస్టు ప్రతిపాదనలో ఉందేమో డివిజనల్ ఫారెస్టు ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింది నిషేధిత జాబితా కూడా చూడండి. అసైన్డ్ భూములు బయటపడేది అక్కడే.

ఏజెన్సీలో, అంటే పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు వంటి షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, గిరిజనేతరులు కొనాలనే ఆలోచనే మానుకోండి. 1959 భూబదలాయింపు నిబంధనకు 1970లో వచ్చిన సవరణ తర్వాత, అక్కడ గిరిజనేతరుడు గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. ఆ భూమి గిరిజనులది. ఆ చట్టం ఉండటం న్యాయం కూడా.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు మరో మాట. ఎన్నారైలు, ఓసీఐ కార్డుదారులు ఇక్కడ వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనడానికి విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా) ఒప్పుకోదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. తమ్ముడి పేరు మీద కొనిపిస్తే బినామీ చిక్కులు వస్తాయి.

ఇక ‘గుంట కొనండి, ఎర్రచందనం మేమే పెంచుతాం, ఇన్నేళ్లకు ఇంత ఇస్తాం’ అనే పథకాలు. అందరి డబ్బూ కలిపి తామే నిర్వహించి లాభం పంచుతామంటే అది సామూహిక పెట్టుబడి పథకం కావచ్చు, అప్పుడు సెబీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 1990లలో టేకు కంపెనీలలో మధ్యతరగతి డబ్బు మునిగాకే, 1999లో సెబీ ఇందుకోసం నిబంధనలు తెచ్చింది. సెబీ రిజిస్ట్రేషన్ కాగితం అడగండి, చూపకపోతే లేచి వచ్చేయండి.

పన్ను విషయం ఒక్క మాటలో: దున్ని, నాటి, పెంచిన చెట్ల ఆదాయం వ్యవసాయ ఆదాయమని, వాటంతటవే మొలిచిన చెట్లను నరికి అమ్మితే కాదని సుప్రీంకోర్టు 1957లోనే సూత్రం చెప్పింది. అందుకే మొక్కల కొనుగోలు, కూలీ రసీదులు దాచుకోండి.

ఇవన్నీ చూసుకునేదాకా బయానా ఇవ్వకండి. లాయరు ఫీజు భారమనుకుంటే, మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, తక్కువ ఆదాయం ఉన్నవారు మండల లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత సలహా పొందవచ్చు.