పిల్లలలో టిక్ చలనాలు – కడుపులోని క్రిములు

పిల్లల వ్యాధులలో చూచుటకు చిన్నదిగా ఉండి, తల్లిదండ్రులను మిక్కిలి కలవరపెట్టేది ఒకటి ఉన్నది. బిడ్డ మాటిమాటికీ కళ్లు చిట్లిస్తాడు, ముక్కు ఎగబీలుస్తాడు, భుజం ఎగరవేస్తాడు, గొంతు సవరించుకున్నట్లు శబ్దం చేస్తాడు. మానమంటే కొద్దిసేపు మానగలడు, తరువాత మళ్లీ మొదలు. ఆంగ్ల వైద్యులు దీనిని ‘టిక్’ అంటారు. పలు చలనాలతో పాటు శబ్దం కూడా చేరి, ఏడాదికి మించి నిలిచినచో ‘టూరెట్ వ్యాధి’ అని పేరు. ఫ్రాన్సు దేశపు వైద్యుడు గిల్ ద లా టూరెట్ 1885లో దీనిని వర్ణించినందున ఆ పేరు వచ్చినది.

సాలూరు సంతకు కొండ గ్రామాల నుండి దిగివచ్చే తల్లులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: “బాబూ, కడుపులో పురుగులుండబట్టే కదా పిల్లడిలాగ చేస్తన్నాడు?” పట్టణంలో చదువుకున్నవారు ప్రోబయోటిక్ సీసా చేతబట్టుకొని ఇదే ప్రశ్నను మరొక రూపంలో అడుగుతున్నారు. ఇద్దరికీ కలిపి సమాధానం చెప్పుటకే ఈ వ్యాసం.

శాస్త్రదృష్టి

శరీరంలోని సకల చేష్టలకూ వాతమే కర్త. వాతానికి ముఖ్యస్థానం పక్వాశయమని చరకసంహిత సూత్రస్థానం 20వ అధ్యాయం బోధిస్తున్నది. అక్కడే 80 వాతవికారాలను పరిగణించారు. కనుక అవయవ చలనానికీ ప్రేగులకూ సంబంధమున్నదనే ఊహ మనకు కొత్తది కాదు.

అయితే అదే గ్రంథం విమానస్థానం 7వ అధ్యాయంలో చెప్పిన మరొక సంగతిని చాలామంది మరచిపోతారు. రోగకారకమైన క్రిములు 20 రకాలని చెప్పుచూ, శరీరంతోపాటు పుట్టిన ‘సహజ’ క్రిములను ఆ లెక్కనుండి మినహాయించారు. అనగా క్రిమి అన్నదెల్లా శత్రువు కాదు. ఆధునికులు ప్రేగులలోని మేలుచేసే సూక్ష్మజీవుల గురించి చెప్పేది దీనికి దగ్గరగానే ఉన్నది. అట్టివానిని విచక్షణ లేక చంపుట వైద్యం కానేరదు.

గొంతు వ్యాధులు – టిక్స్

గొంతులో చేరే స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవి వలన కొందరు పిల్లలకు కీళ్లజ్వరం, దాని వెంట కాలుసేతులు నాట్యమాడినట్లు కదలే ‘కొరియా’ వచ్చునని వైద్యలోకం చాలాకాలంగా ఎరుగును. 1998లో అమెరికాలో స్వీడో అనే వైద్యురాలు, ఆమె సహచరులు 50 మంది పిల్లలను వర్ణించి, ఈ గొంతువ్యాధి వెంట టిక్స్, చాదస్తపు చేష్టలు హఠాత్తుగా పుట్టగలవని ప్రతిపాదించి, దానికి ‘పాండాస్’ అని పేరు పెట్టారు.

తరువాత ఐరోపాలో పలు దేశాల వైద్యులు కలసి, దీర్ఘకాల టిక్స్ ఉన్న 700కు పైబడిన పిల్లలను క్రమంగా పరిశీలించారు. ఆ ఫలితాలు 2021లో వెలువడినవి. గొంతులో ఆ క్రిమి చేరినందువలన టిక్స్ ముదురుతున్నట్లు వారికి కనబడలేదు. కావున గొంతునొప్పి, జ్వరం ఉన్న బిడ్డకు పరీక్ష చేయించి, వైద్యుడు వ్రాసిన మందు పూర్తి కాలం వాడవలెను. అవేమీ లేక కేవలం కళ్లు చిట్లించే బిడ్డకు నెలల తరబడి యాంటీబయోటిక్‌లు మ్రింగించుట తగదు. అవి సహజక్రిములను కూడా హరించును.

ప్రేగులు – సీసాలలోని మందులు

చైనాలో టూరెట్ వ్యాధి గల ఒక బాలునికి ఆరోగ్యవంతుని మలంలోని సూక్ష్మజీవులను ప్రవేశపెట్టగా గుణం కనబడినదని 2017లో వ్రాశారు. అది ఒక్క బిడ్డ వృత్తాంతం మాత్రమే. తైవానులో పిల్లలకు రెండు నెలలు ప్రోబయోటిక్ ఇచ్చి, ఉత్తుత్తి మందుతో పోల్చిన పరిశోధన 2021లో వచ్చినది. టిక్స్ విషయంలో రెండింటికీ చెప్పుకోదగిన భేదం లేకపోయెను. ఎన్-అసిటైల్ సిస్టీన్ అనే మందును పిల్లలలో అట్లే పోల్చి చూడగా 2016లో అదే ఫలితం వచ్చినది.

మరి “మా వానికి ఆ మందుతో తగ్గినది” అని అనేకులు ఏల చెప్పుచున్నారు? ఈ వ్యాధి స్వభావమే వృద్ధిక్షయాలు. కొన్ని వారాలు హెచ్చును, కొన్ని వారాలు తగ్గును. హెచ్చినప్పుడే తల్లిదండ్రులు మందుకో, తాయెత్తుకో, దిసరి పూజకో పరుగెత్తుదురు. ఆపై తానుగా తగ్గిన కీర్తి చివర చేసిన దానికి దక్కును. నా మూలికలకు దక్కే కీర్తిని కూడా నేను ఇట్లే జల్లెడ పట్టి చూతును. కొత్తగా వచ్చిన టిక్స్ చాలామందిలో ఏడాదిలోపే పోవును. నిలిచినవి 10–12 ఏళ్ల ప్రాయంలో ముదిరి, యౌవనంలో తరచుగా సన్నగిల్లును.

చేయవలసినవి

1. కొండప్రాంతంలో పాదరక్షలు లేక తిరిగే పిల్లలకు కొంకిపురుగులు, వాటివలన రక్తహీనత సామాన్యం. 2015 నుండి అంగన్‌వాడీలలో, పాఠశాలలలో ఆల్బెండజోల్ మాత్ర ఉచితంగా ఇస్తున్నారు. దానిని తప్పక వేయించండి. అది నులిపురుగులకు మందు, బిడ్డ బలానికి అవసరం. టిక్‌కు మందని మాత్రం భ్రమపడకండి.

2. చోడి అంబలి, తరవాణి, మజ్జిగ, పప్పు, ఆకుకూరలు వేళకు పెట్టండి. సహజక్రిములను పోషించుటకు ఖరీదైన సీసా అక్కరలేదు.

3. అలసట, నిద్రలేమి, ఆందోళన టిక్స్‌ను పెంచును. వేళకు నిద్రపుచ్చండి. గోరువెచ్చని నువ్వులనూనెతో అభ్యంగనం బిడ్డకు హాయినిచ్చును.

4. మందులేని శిక్షణ ఒకటి ఉన్నది. టిక్‌కు ముందు తుమ్ము వచ్చునట్లు లోపల ఒక త్రోపు కలుగును. దానిని గుర్తించి, భుజం ఎగరవేయబోయే బిడ్డ ఆ త్రోపు పోవువరకు చేతిని ప్రక్కకు మెల్లగా అదిమి ఉంచుట నేర్చుకొనును. 2010లో అమెరికాలో 126 మంది పిల్లలలో దీనిని పరీక్షించగా, శిక్షణ పొందినవారిలో సగానికి పైగా మెరుగుపడిరి. వేగధారణ దోషం కాదా అని కొందరు వైద్యమిత్రులు శంకింపవచ్చును. చరకుడు ఆపరాదన్న 13 వేగాలలో ఇది లేదు.

చేయకూడనివి

కొట్టుట, వెక్కిరించుట, “మానరా” అని పదేపదే హెచ్చరించుట వలన చలనాలు హెచ్చును. ఇది బిడ్డ కొంటెతనం కాదని ఉపాధ్యాయునికి ఇంటివారే స్వయంగా వెళ్లి చెప్పవలెను. తరగతిలో అవమానపడి బడి మానిన బిడ్డకు జరిగే నష్టం టిక్ వలన జరిగే నష్టంకంటె పెద్దది.

మాటలు రావాలని వసకొమ్ము అరగదీసి నాకించే అలవాటు మన ఇళ్లలో ఉన్నది. టిక్స్‌కు కూడా దానిని ప్రతిదినం ఇచ్చేవారున్నారు. అందులోని అసరోన్ అనే పదార్థం జంతువులలో హాని చేసినందున అమెరికాలో 1968లో వసను ఆహారంలో నిషేధించారు. సంతలో పేరు తెలియని భస్మాలు కొని పిల్లలకు పెట్టరాదు. సీసం, పాదరసం మెదడుకు విషాలు.

ఆలస్యం చేయరాదు

రాత్రికి రాత్రి చలనాలు పుట్టి బిడ్డ తిండి మానినా, కీళ్లనొప్పులు, జ్వరం ఉన్నా, మాట తడబడినా, చేతిలోని వస్తువు జారిపోతున్నా, స్పృహ తప్పినా ఇంటివైద్యం కట్టిపెట్టి వెంటనే ప్రభుత్వాసుపత్రికి తీసుకొనిపోవలెను. కీళ్లజ్వరమే అయినచో గుండె కవాటాలు చెడును.

పురుగులుంటే పురుగులకు, గొంతువ్యాధి ఉంటే గొంతుకు, రక్తం తక్కువైతే రక్తానికి చికిత్స చేయండి. ఏదీ లేనిచోట బిడ్డకు ఓర్పుగల ఇల్లు, దయగల బడి కావలెను.