మొదటి చెల్లు

చిరంజీవి చిన్నికి,

నీ దగ్గు తగ్గిందా? చన్నీళ్ల స్నానం మానెయ్యమని నాయనమ్మ మరీమరీ రాయమంది.

నీ ఉత్తరం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. "బుజ్జిగాణ్ణి చదివిస్తానని అత్తయ్యకు మాటిచ్చిన నేను వేరు, ఇప్పటి నేను వేరు" అని రాశావు.

సెలవుల్లో నువ్వు వదిలి వెళ్లిన డెరెక్ పార్ఫిట్ పుస్తకం, 1984 నాటి 'రీజన్స్ అండ్ పర్సన్స్', నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. మనిషిని అణువణువూ నమోదు చేసి, ఇక్కడ చెరిపేసి, అంగారకుడి మీద అచ్చం అలాగే తయారుచేస్తే అక్కడ లేచినవాడు వాడేనా అని అడుగుతాడు. లోపల విడిగా కూర్చున్న 'నేను' ఏదీ లేదని, జ్ఞాపకాలూ ఉద్దేశాలూ ఒకదాన్నొకటి పట్టుకుని సాగడమే ముఖ్యమని తేలుస్తాడు. దానితో నాకు పేచీ లేదు. బౌద్ధులు ఏనాడో చెప్పారు. కానీ వాళ్ల 'మిలింద పన్హ'లోనే మామిడిపళ్ల దొంగ ఉన్నాడు. "యజమాని నాటినవి వేరు, నేను కోసినవి వేరు" అని వాదించినా వాడు శిక్షార్హుడేనని మిలింద రాజు ఒప్పుకున్నాడు.

తల్లీ, పార్ఫిట్ చెప్పిన రష్యా కుర్రవాడి దగ్గర కాస్త ఆగావా? వారసత్వంగా రాబోయే భూములు రైతులకు ఇచ్చేస్తానని ముందే పత్రం రాస్తాడు. భార్య ఒప్పుకుంటే తప్ప అది రద్దు కాదు. నడివయసులో నేనే వచ్చి అడిగినా ఒప్పుకోకు అని ఆమె దగ్గర మాట తీసుకుంటాడు. మనిషి మారినకొద్దీ మాట పట్టు సడలవచ్చన్న వాదనను పార్ఫిట్ తోసెయ్యలేదు. అయినా ఆ కుర్రవాడికిచ్చిన మాట నుంచి తనను విడిపించే హక్కు నడివయసువాడికి లేదని భార్య అనుకోవచ్చంటాడు.

నాకు 24 ఏళ్లప్పుడు బావి తవ్వకానికి పక్క ఊళ్లో 800 రూపాయలకు ప్రోనోటు రాశాను. మూడేళ్లు దాటినా వెనక ఒక్క చెల్లు పడలేదు. కాలదోషం పట్టింది, ఇక దావా నిలవదన్నారు స్నేహితులు. నాకూ హాయిగానే అనిపించింది. అప్పటికి పెళ్లయింది, కొలువొచ్చింది, ఆ అప్పు ఇంకెవరిదో అన్నట్టుండేది. నాయనమ్మ మిరపకాయల డబ్బు కొంగుముడి విప్పి నా ముందు పెట్టి, "ఆ సంతకం మీరు చేసిందేనా, కాదా?" అంది. నోరు మెదపకుండా సైకిలెక్కాను. అప్పిచ్చిన ముసలాయన ట్రంకుపెట్టె అడుగు నుంచి నోటు తీశాడు. రెవెన్యూ స్టాంపు రంగు వెలిసిపోయింది. సగం దాని మీద, సగం కాగితం మీద నా సంతకం. చివరి అక్షరానికి అంత పొడుగు తోక పెట్టడం నేనెప్పుడో మానేశాను. అయినా నోట్లు లెక్కపెట్టి ఇచ్చాను. ఆయన సరిగ్గా ఆ సంతకం మధ్యగా చింపి రెండు ముక్కలూ నా చేతిలో పెట్టాడు.

నీకింకా ఉద్యోగం రాలేదని తెలుసు, బంగారం. డబ్బు గురించి కాదు నా బెంగ. నువ్వు మారావు, మారాలి కూడా. కానీ అత్తయ్య ఆ మాట నమ్ముకుని ఉంది. అప్పు ఒకేసారి తీర్చలేనివాడు గడువులోపల కొంత ఇచ్చి నోటు వెనక చెల్లు రాయిస్తాడు, నోటు బతికి ఉంటుంది. మాటకూ అంతే.

ఈ ఆదివారం అత్తయ్యకు ఫోన్ చెయ్యి. బుజ్జిగాడికి లెక్కలు రావడం లేదట, ఓ గంట కూర్చోబెట్టి చెప్పు. అదే మొదటి చెల్లు అనుకో.

ఆశీస్సులతో,
తాతయ్య